గాలి అందరిదీ, సబ్సిడీ ఆస్తిపరులదీ

గాలిమరలకు ప్రభుత్వ సొమ్ము పెట్టాలా వద్దా అని పెద్దవాళ్ళ మధ్య తగాదా చాన్నాళ్ళుగా నడుస్తోంది. ఒక పక్క కంపెనీలోళ్ళు. సబ్సిడీ ఇవ్వకపోతే గాలి కరెంటు పుట్టదు, పుట్టకపోతే భూగోళం కాలిపోతుంది అంటారు. ఇంకో పక్క ప్రభుత్వంలో కూచున్నవాళ్ళు, కరెంటు పంపిణీ సంస్థలవాళ్ళు. ఈ గాలి కరెంటు ఖరీదైనది, దీన్ని కొని కొని ఖజానా గుల్లయింది అంటారు. పేపర్లలో రాతలు, కోర్టుల్లో వాదనలు, టీవీల్లో అరుపులు. ఈ గోలలో ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. ఆ గాలిమర ఎవరి నేల మీద నిలబడింది?

ఆ ప్రశ్న మనం అడగాలి. ఎందుకంటే ఆ నేల మనది. డి.కె.టి. పట్టా భూమి మనది. మేకలు తోలుకుపోయిన గుట్ట మనది. చీపురు పుల్ల, ఈతాకు, వంటచెరకు తెచ్చుకున్న వంక మనది. అనంతపురం, కర్నూలు, కడప గుట్టల మీద ఇవాళ నాలుగు వేల మెగావాట్ల గాలిమరలు తిరుగుతున్నాయంటే ఆ తిరుగుడు కింద మన బతుకు ఉంది. కాబట్టి ఈ తగాదాలో మూడో పక్షం మనం. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా వచ్చాం, మాట్లాడతాం.

ముందే ఒక మాట ఖరాఖండిగా చెప్తున్నాం. మేము గాలి కరెంటుకు శత్రువులం కాదు. గాలికి పొగ లేదు, బూడిద లేదు. ఎండలు ముదిరి, వానలు తప్పి చచ్చేది ముందు కూలోడే, ముందు వాడలోడే. గాలి కరెంటు రావాలి. సర్కారు సొమ్ము కూడా పెట్టాలి. ఆ సొమ్ము ఎవరి చేతికి పోతోంది, ఎవరి నేల మీంచి పోతోంది, తిరిగి ఎవరికి వస్తోంది అన్నదే మా తగాదా.

సబ్సిడీ అంటే ఏంది?

మనకు సబ్సిడీ అంటే తెలిసింది వేరు. ఎస్సీ కార్పొరేషన్ లోను. దానికి కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, బ్యాంకు ఒప్పుకోలు, మండలాఫీసు చుట్టూ ఇరవై తిరుగుళ్ళు. చివరికి ఒక గేదె వస్తే, అది చూడి గేదో గొడ్డు గేదో ఇంటికొచ్చాక తెలుస్తుంది. కిలో రెండు రూపాయల బియ్యం తిన్నందుకు "సబ్సిడీలు తిని సోమరులైనారు" అని నాలుగు దశాబ్దాలుగా పడుతున్నాం.

ఇప్పుడు పెద్దవాళ్ళ సబ్సిడీ ఎట్లా ఉంటుందో చూడండి. దానికి సబ్సిడీ అని పేరు కూడా ఉండదు. "ప్రోత్సాహకం" అంటారు. "తరుగుదల" అంటారు. "మినహాయింపు" అంటారు. పేదోడు తీసుకుంటే భిక్ష, ఉన్నోడు తీసుకుంటే ప్రోత్సాహకం.

మొదటిది తరుగుదల. ఒక యంత్రం కొంటే అది ఏటా కొంత అరుగుతుంది గదా, ఆ అరుగుదలను ఖర్చు కింద చూపించి ఆ మేరకు ఆదాయపన్ను తగ్గించుకోవచ్చు. మామూలు యంత్రానికి ఏటా 15 శాతం అరుగుదల రాసుకోవచ్చు. గాలిమరకు మాత్రం 1990ల్లో మొదటి ఏడే 100 శాతం రాసుకోనిచ్చారు. తర్వాత దాన్ని 80 శాతం చేశారు. 2012 ఏప్రిల్ నుంచి మామూలు 15 శాతానికి దించారు. 2014లో మళ్ళీ 80కి ఎక్కించారు. 2017 ఏప్రిల్ నుంచి 40 శాతం చేశారు.

దీని అర్థం కూలిలెక్కలాగా చెప్పుకుందాం. ఒక ఆసామి పది కోట్లు పెట్టి గాలిమర పెట్టాడనుకోండి. అతని మీద 30 శాతం పన్ను అనుకోండి. 80 శాతం తరుగుదల అంటే మొదటి ఏడే ఎనిమిది కోట్లు ఖర్చు రాసుకుంటాడు. ఆ ఏడు కట్టాల్సిన పన్నులో 2 కోట్ల 40 లక్షలు కట్టనక్కర్లేదు. అదే 15 శాతమైతే ఆగేది 45 లక్షలే. తేడా 1 కోటి 95 లక్షలు. "ఇది మాఫీ కాదయ్యా, వాయిదా మాత్రమే, తర్వాతి ఏళ్ళలో ఆ తరుగుదల ఉండదు గదా" అంటారు ఆడిటర్లు. నిజమే, వాయిదానే. మరి మన కూలోడు బ్యాంకులో తెచ్చిన ఇరవై వేలకు వడ్డీ లేకుండా అన్నేళ్ళు వాయిదా ఇస్తారా? ఒక్క కిస్తీ తప్పితే ఇంటి తలుపు మీద నోటీసు అంటిస్తారే!

ఇందులో అసలు కీలకం ఒకటుంది. ఈ లాభం రావాలంటే ముందు కోట్లలో పన్ను కట్టేంత ఆదాయం ఉండాలి. అంటే ఈ సబ్సిడీకి అర్హత ఏంటంటే ధనవంతుడై ఉండటం. లోకంలో ఇట్లాంటి అర్హత పెట్టిన సంక్షేమ పథకం ఇంకోటి లేదు. అందుకే తొలిరోజుల్లో గాలితో, కరెంటుతో ఏ సంబంధమూ లేని వ్యాపారులు గాలిమరలు పెట్టారు. వాళ్ళకు కావలసింది పన్ను ఆదా. యంత్రం నిలబడితే చాలు. అది ఎంత తిరిగింది, ఎన్ని యూనిట్లు ఇచ్చింది అన్నదానితో ఆ తరుగుదలకు పనే లేదు. 1990ల్లో మన రామగిరి గుట్టల మీద నిలబెట్టిన తొలి మరలు కూడా ఆ కాలం సరుకే.

రెండోది యూనిట్టు మీద ఇచ్చే డబ్బు. 2009 డిసెంబరులో కేంద్రం ఒక పథకం పెట్టింది. తరుగుదల లాభం వద్దనుకున్న కంపెనీకి, కరెంటు రేటు గాక, పుట్టించిన ప్రతి యూనిట్టుకూ అర్ధరూపాయి అదనంగా ఇస్తామంది. మెగావాటుకు మొదట 62 లక్షల దాకా, తర్వాత కోటి రూపాయల దాకా పరిమితి పెట్టారు. 2017 మార్చితో అది ముగిసింది. ఇది తరుగుదల కంటే నయం, మర తిరిగితేనే డబ్బు వస్తుంది గనక.

మూడోది పదేళ్ళ పాటు లాభం మీద ఆదాయపన్ను సెలవు. ఇది కూడా 2017 మార్చి లోపల మొదలైన ప్రాజెక్టులకే. నాలుగోది విడిభాగాల మీద సుంకాల మినహాయింపు. ఐదోది రాష్ట్రాల మధ్య కరెంటు తీసుకుపోయే లైన్ల కిరాయి మాఫీ. 2025 జూన్ 30 లోపల మొదలైన ప్రాజెక్టులకు అది పూర్తిగా దక్కింది. సముద్రంలో పెట్టబోయే గాలిమరలకు 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్లు ఆమోదించింది. అదంతా వెయ్యి మెగావాట్ల కోసమే.

ఆరోది రేటు. మన రాష్ట్రంలో విద్యుత్ నియంత్రణ మండలి 2012లో గాలి కరెంటుకు యూనిట్టు 4 రూపాయల 70 పైసలు ఖరారు చేసింది. 2016-17 నాటికి అది 4 రూపాయల 84 పైసలు. ఒప్పందం పాతికేళ్ళు. ఇరవయ్యైదేళ్ళ పాటు ధర తగ్గదు, సర్కారు కొనక తప్పదు. వేరుశనగ వేసిన రైతుకు ఇట్లాంటి ఒప్పందం పాతిక రోజులకు కూడా ఎవరూ రాసివ్వరు.

2019 తగాదా ఎవరిది?

2017 ఫిబ్రవరిలో కేంద్రం మొదటిసారి గాలి కరెంటును వేలం పాటకు పెట్టింది. ఎవరు తక్కువ రేటుకు ఇస్తామంటే వాళ్ళకే అంది. రేటు 3 రూపాయల 46 పైసలకు దిగింది. ఆ ఏడు డిసెంబరులో గుజరాత్ వేలంలో 2 రూపాయల 43 పైసలకు పడింది. గాలి మారలేదు, యంత్రం మారలేదు. బేరం మారింది. చోటుకో తీరున గాలి ఉంటుంది, అన్ని గుట్టలకూ ఒకే లెక్క కుదరదు, ఒప్పుకుంటాం. అయినా అంతకు ముందు రేట్లలో ఎంత కొవ్వు పేరుకుందో ఆ వేలం చూపించింది.

దాన్ని పట్టుకొని 2019 జులైలో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాలు తిరగదోడటానికి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు పోయాయి. విచారణ తేలేదాకా గాలి కరెంటుకు 2 రూపాయల 43 పైసల లెక్కన చెల్లించమని ఆ సెప్టెంబరులో కోర్టు చెప్పింది. 2022 మార్చిలో ధర్మాసనం తుది తీర్పు ఇచ్చి, ఒప్పందంలో రాసిన రేటే ఇవ్వాలి, బకాయిలు ఆరు వారాల్లో కట్టాలి అంది. రాసుకున్న ఒప్పందం పవిత్రం అని తేలింది.

మంచిది. ఒప్పందం పవిత్రమే. మరి మాకు రాసిచ్చిన పట్టా సంగతి ఏంది? పేదోడికి ప్రభుత్వం ఇచ్చిన డి.కె.టి. పట్టా కూడా ప్రభుత్వం సంతకం పెట్టిన కాగితమే గదా? దాన్ని "ప్రజా ప్రయోజనం" అని ఒక్క నోటీసుతో వెనక్కి లాక్కుంటుంటే ఆ పవిత్రత ఎక్కడ పోయింది? కంపెనీ కాగితానికి హైకోర్టు కాపలా, వాడ కాగితానికి చెదలు కాపలా!

మూడేళ్ళు సాగిన ఆ తగాదా అంతా రేటు మీదే. రూపాయలూ పైసలూ తేల్చుకున్నారు. మేత పోయిన గొర్రెల కాపరికి ఎన్ని పైసలు, పట్టా పోయిన మాదిగకు ఎన్ని పైసలు అన్న మాట ఏ పక్షమూ ఎత్తలేదు. రేటు ఎక్కువైతే భారం కరెంటు బిల్లు మీద పడుతుంది. రేటు తగ్గితే కంపెనీ లాభం తగ్గుతుంది. నేల మాత్రం రెండు లెక్కల్లోనూ ఉచితం.

పుస్తకాల్లో రాయని సబ్సిడీ

అందుకే మేం అంటున్నాం. గాలిమరకు ఇచ్చే సబ్సిడీల్లో పెద్దది ఢిల్లీ ఇచ్చింది కాదు. పల్లె ఇచ్చింది. అది ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు.

గుట్ట మీద భూమిని రెవెన్యూవాళ్ళు ఏమని రాస్తారు? బంజరు, గయాళు, పోరంబోకు, సాగుకు పనికిరానిది. ఢిల్లీలో అచ్చేసిన పటాల్లో అది "వేస్ట్‌ల్యాండ్". ఎవరికి వేస్టు? పెద్దరైతుకు వేస్టేమో, నాగలి దిగదు గనక. మనకు అదే బ్యాంకు, అదే అంగడి, అదే ఆస్పత్రి. మేక అక్కడ మేస్తుంది, కట్టెలు అక్కడ దొరుకుతాయి, చెరువులోకి నీళ్ళు అక్కణ్ణించే దిగుతాయి. భూమి లేనోడికి ఊరి ఉమ్మడి భూమే భూమి. దాన్ని వేస్టు అని రాయడమంటే దాని మీద బతికే మనిషిని కూడా వేస్టు అని రాసినట్టే.

కల్పవల్లి కథ తెలియనివాళ్ళు తెలుసుకోవాలి. అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటున్న చోట, చెన్నేకొత్తపల్లి, రొద్దం మండలాల దిక్కున బోడిగుట్టలు ఉండేవి. 1990ల నుంచి టింబక్టు కలెక్టివ్ తోడుతో అక్కడి పల్లెజనం ఆ గుట్టలను కాపలా కాసి, మంటలు ఆర్పి, విత్తులు చల్లి ఏడు వేల ఎకరాలకు పైగా అడవి లేపారు. గడ్డి పెరిగింది, ఈత పెరిగింది, వంకల్లో నీళ్ళు నిలిచాయి. జనం సహకార సంఘం పెట్టుకున్నారు. రికార్డులో మాత్రం అది బంజరుగానే ఉండిపోయింది. 2010 తర్వాత గాలిమరలు వచ్చాయి. క్రేన్లు ఎక్కడానికి గుట్టలు కోసి వెడల్పాటి రోడ్లు వేశారు. మట్టి జారి వంకల్లో పడింది, మేత తగ్గింది. జనం హరిత ట్రిబ్యునల్ దాకా పోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళు అడవి పెంచినోడికి హక్కు లేదు, ఇరవై రోజుల్లో కాగితం తెచ్చుకున్నోడికి హక్కు ఉంది!

ఇంకో విచిత్రం. గాలిమరకు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో గాలి కరెంటు లేదు. 2016లో కాలుష్య నియంత్రణ మండలి దాన్ని "తెల్ల" వర్గంలో, అంటే కాలుష్యం లేని పరిశ్రమల్లో చేర్చింది. గాలిలోకి పొగ పోదు, నిజమే. నేల మీద జరిగేదాని సంగతి అడిగేవాడు లేడు. ప్రజాభిప్రాయ సేకరణ లేదు. కాబట్టి ఊరి మనిషి నోరు తెరిచి మాట్లాడే ఒక్క కుర్చీ కూడా వెయ్యలేదు.

అసైన్డు భూమి మీద రెండు నాలుకలు

1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. పేదోడికిచ్చిన భూమి ఎవరూ కొనగూడదు, కొన్నా చెల్లదు, ఆ భూమి తిరిగి పేదోడికే ఇప్పించాలి అని చట్టం. మంచి చట్టం. కాని ఆచరణలో ఏమైంది? ఆ భూమి 22-ఎ జాబితాలో ఉంటుంది. బిడ్డ పెళ్ళికి తాకట్టు పెడదామంటే కుదరదు. అదే భూమి కంపెనీకి కావాల్సి వస్తే ప్రభుత్వమే "స్వాధీనం" చేసుకొని అప్పజెప్పగలదు. పేదోడు అమ్మితే నేరం, సర్కారు లాక్కుంటే అభివృద్ధి.

2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం చేవెళ్ళ భూసేకరణ కేసులో స్పష్టంగా చెప్పింది. ప్రజావసరానికి అసైన్డు భూమి తీసుకుంటే పట్టా భూమి యజమానికి ఇచ్చినంత పరిహారమూ అసైనీకి ఇవ్వాలి అని. ఈ తీర్పు మన ప్రతి కార్యకర్త జేబులో ఉండాలి. "ఇది సర్కారు భూమి, నీకు పరిహారం రాదు, వచ్చిందే పుచ్చుకో" అని ఎవరన్నా అంటే ఆ తీర్పు చూపించాలి. పేదల భూముల మీద కోనేరు రంగారావు కమిటీ 2006లో ఇచ్చిన 104 సిఫారసులు కూడా బీరువాల్లో దుమ్ము కొట్టుకుంటున్నాయి.

2023లో చట్టం సవరించారు. ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటిన అసైన్డు భూమి మీద అసైనీకి పూర్తి హక్కు, అమ్ముకోవచ్చు అన్నారు. 2024లో ప్రభుత్వం మారాక, అందులో అక్రమాలు జరిగాయని రిజిస్ట్రేషన్లు ఆపారు. హక్కు వస్తే మంచిదే. కాని హక్కు కాగితం కంటే ముందు బ్రోకరు ఇంటికి వస్తున్నాడని మరిచిపోవద్దు. గుట్ట కింద ఎకరాకు వాడు చెప్పే ధర పల్లెలో ఎప్పుడూ చూడని డబ్బులాగా కనపడుతుంది. ఆ గుట్ట మీద పాతికేళ్ళు తిరగబోయే మర సంపాదన ఎంతో వాడు చెప్పడు. మేం చెప్తాం.

రెండు మెగావాట్ల మర ఒకటి. గాలి ఏడాదంతా ఒకేలాగా ఉండదు, మనకు ఎక్కువగా జూన్ నుంచి సెప్టెంబరు దాకా వీస్తుంది. అందుకే దాని శక్తిలో నాలుగో వంతే లెక్క కట్టుకుందాం. అప్పుడు ఏడాదికి సుమారు 43 లక్షల 80 వేల యూనిట్లు వస్తాయి. యూనిట్టు 4.84 లెక్కన రెండు కోట్ల పన్నెండు లక్షలు. వేలం రేటు 2.43 లెక్కన వేసినా కోటీ ఆరు లక్షలు. దీంట్లో అప్పు, వడ్డీ, మరమ్మతు పోను మిగిలేదే లాభం, ఒప్పుకుంటాం. కాని ఆ కోటిలో పల్లె వాటా ఎంత? మనిషిని పెడితే ఒక వాచ్‌మన్ కొలువు. రాత్రిళ్ళు మర కింద కూచొని కాపలా కాయాలి. ఎవరి నుంచి కాపలా? మన నుంచే!

సబ్సిడీ ఆస్తి వెంట పోతుంది

ఇది గాలిమర ఒక్కదాని జబ్బు కాదు. మన దేశంలో సబ్సిడీ ఎప్పుడూ ఆస్తి వెంటే నడుస్తుంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. మంచిదే, రైతు బతకాలి. కాని బోరు ఉన్నోడికే ఆ కరెంటు. బోరుకు భూమి కావాలి. భూమి లేని మాలకు, మాదిగకు ఆ ఉచితం ఏ తీగ మీంచి వస్తుంది? పంపుసెట్టు ఉన్నోడికి ఉచిత కరెంటు, పన్ను కట్టేటోడికి తరుగుదల, ఏమీ లేనోడికి ఉపన్యాసం. ఎస్సీ ఇళ్ళకు నెలకు ఇన్ని యూనిట్లు ఉచితం అని 2013 సబ్‌ప్లాన్ చట్టం నాటి నుంచి నడుస్తోంది. 50 యూనిట్లతో మొదలై 2019లో 200 అయింది. అది పోరాడి తెచ్చుకున్నది, దాన్ని వదులుకోం. కాని గుర్తుంచుకోండి. అక్కడ మనకు దొరికేది బల్బు వెలుగు. వాళ్ళకు దొరికేది ఆస్తి. బల్బు ఆర్పేస్తే ఆరిపోతుంది. ఆస్తి కొడుక్కి పోతుంది, మనవడికి పోతుంది.

కరెంటు విషయంలో ఎవరు భరించారో చరిత్రలో ఉంది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం తెచ్చి, ఛార్జీలు పెంచారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో అడిగిన జనం మీద తుపాకులు పేల్చారు. భారం అనేసరికి అందరిదీ, లాభం అనేసరికి కొందరిదీ.

బొగ్గు పక్షంవాళ్ళకు ఒక మాట

మా మాటలు విని "చూశారా, గాలి కరెంటు మోసం, బొగ్గే చవక" అని చంకలు గుద్దుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళ పప్పులు మా దగ్గర ఉడకవు. బొగ్గు చవక ఎట్లా అయింది? శ్రీకాకుళం జిల్లా సోంపేటలో 2010 జులైలో, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరిలో థర్మల్ ప్లాంట్లు వద్దన్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. బీల భూముల్లో చేపలు పట్టుకునేవాళ్ళు, చిన్నరైతులు, కూలీలు వాళ్ళు. ఆ రక్తం యూనిట్టు ధరలో కలిపారా? బూడిద తిన్న ఊపిరితిత్తుల ఖర్చు కలిపారా? బొగ్గుకు కూడా నేల చవక, నీళ్ళు చవక, ప్రాణం చవక. అందుకే అది చవక. గాలి అదే దారి పట్టకూడదనే మా గోల.

సబ్సిడీ తీసేస్తే చాలు అనేవాళ్ళకూ జవాబుంది. 2012లో తరుగుదల తగ్గించారు. అంతకు ముందు ఏడు దేశంలో మూడు వేల మెగావాట్లకు పైగా కొత్త మరలు వస్తే, తర్వాతి ఏడు సుమారు 1,700కు పడిపోయింది. 2016-17లో 5,500 వస్తే, ప్రోత్సాహకాలు తగ్గి వేలం వచ్చిన మరుసటి ఏడు రెండు వేలు కూడా దాటలేదు. సబ్సిడీ పనిచేస్తుంది. దాని బలం మనకు తెలుసు. అంత బలమున్న పగ్గం సర్కారు చేతిలో ఉన్నప్పుడు, షరతులు పెట్టకుండా ఎందుకు వదిలేసింది? మనకు గేదె ఇవ్వడానికి ఇరవై షరతులు పెట్టేవాళ్ళు, కోట్లు ఇచ్చేటప్పుడు ఒక్క షరతు కూడా మన వైపు ఎందుకు పెట్టరు?

బాబాసాహెబ్ ఏమన్నారు?

కరెంటు మనకెందుకు, అది ఇంజనీర్ల విషయం అనుకునే మనోళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు ఒకటి గుర్తు చేస్తున్నాం. 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూశారు. నీటిపారుదల, విద్యుత్తు ఆయన చేతికిందే ఉండేవి. దేశానికి కరెంటు చవగ్గా, పుష్కలంగా అందాలని, అది లాభాల బేరగాళ్ళ ఇష్టానికి వదిలేస్తే జరగదని ఆయన అప్పుడే వాదించారు. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు ఆయన హయాంలోనే ఏర్పడింది. 1947లో రాసిన "రాజ్యాలు-మైనారిటీలు"లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలనీ, భూమి కూడా రాజ్యానిదై, దాన్ని కులభేదం లేకుండా గ్రామస్తులకు కౌలుకివ్వాలనీ కోరారు. యంత్రాన్ని ఆయన శత్రువుగా చూడలేదు. చాకిరీ నుంచి మనిషిని విడిపించేది యంత్రమే అని నమ్మారు. యంత్రానికి యజమాని ఎవరు అన్నదే ఆయన ప్రశ్న. గాలిమర కింద నిలబడి మనం అడిగేదీ అదే.

"ఇప్పుడు అడ్డుపడకండి, పెట్టుబడి పారిపోతుంది" అని బెదిరిస్తారు. 2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం కొత్త క్లీన్ ఎనర్జీ విధానం ప్రకటించింది. పది లక్షల కోట్ల పెట్టుబడి తెస్తామంది. రానీండి. పది లక్షల కోట్లు వచ్చే చోట పది పైసలు అడిగితే పారిపోతుందా? డెన్మార్క్‌లో 2009లో అమల్లోకొచ్చిన చట్టం ప్రకారం కొత్త గాలిమరలో కనీసం అయిదో వంతు వాటా ముందు చుట్టుపక్కల నివాసులకే అమ్మజూపాల్సి వచ్చేది. అక్కడ పెట్టుబడి పారిపోలేదు. అంత దూరం ఎందుకు, మన రాష్ట్రానిదే 1997 సమతా తీర్పు ఉంది. ఆదివాసీ ప్రాంతాల్లో సర్కారు భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదంది సుప్రీంకోర్టు. లాభాల్లో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు జనం బాగుకోసం తీసిపెట్టాలనీ అంది. మన కరువు మండలాలు షెడ్యూల్డు ప్రాంతాలు కావు, నిజమే. న్యాయానికి మండలం హద్దు ఉంటుందా?

మన డిమాండ్లు

ఒకటి. ప్రభుత్వ సొమ్ము ఏ రూపంలో తీసుకున్నా సరే, ఆ గాలిమర ప్రతి యూనిట్టు మీదా పది పైసలు ఆ ఊరికి కట్టాలి. రెండు మెగావాట్ల మర ఒక్కదాని మీద ఏడాదికి సుమారు 4 లక్షల 38 వేలు. ఇరవై మరలుంటే 87 లక్షలు దాటుతుంది. కంపెనీకి యూనిట్టుకు అర్ధరూపాయి ఇచ్చినప్పుడు మునగని ఖజానా, ఊరికి పది పైసలిస్తే మునగదు. ఆ డబ్బు సర్పంచి జేబులో పడకుండా భూమి లేనివాళ్ళు, పశువుల కాపరులు, ఆడవాళ్ళు సగానికి పైగా ఉన్న కమిటీ చేతిలో ఉండాలి.

రెండు. అసైన్డు భూమిని వెనక్కి తీసుకోవద్దు, కొనవద్దు. కౌలుకే తీసుకోవాలి. పట్టా మనిషి పేరునే ఉండాలి. కౌలు ఏటా పెరగాలి. మర కాలం తీరాక సిమెంటు దిమ్మె పెకలించి, నేల బాగుచేసి అప్పజెప్పాలి.

మూడు. మేత భూమి, వంక, గుట్ట తీసుకునే ముందు గ్రామసభ జరగాలి. వాడలో కూడా దండోరా వెయ్యాలి. వాడ లేని సభ సభ కాదు. ఊరి ఉమ్మడి భూములను ఇష్టమొచ్చినట్టు ధారాదత్తం చెయ్యొద్దని సుప్రీంకోర్టు 2011లోనే రాష్ట్రాలకు చెప్పింది.

నాలుగు. యంత్రం నిలబెట్టినందుకు ఇచ్చే పన్ను తరుగుదల ఎత్తెయ్యాలి. పుట్టించిన కరెంటుకే ప్రోత్సాహం ఇవ్వాలి. పంచాయతీలు, ఎస్సీ ఎస్టీ సహకార సంఘాలు గాలిమరలకు యజమానులయ్యేటందుకు సబ్సిడీ ముందు వాళ్ళకే ఇవ్వాలి.

ఐదు. మరల మరమ్మతు పని మన పిల్లలకు నేర్పి, ఆ కొలువులు వాళ్ళకివ్వాలి. వాచ్‌మన్ కర్ర ఇచ్చి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం.

కార్యకర్తలు చెయ్యాల్సింది

ఉత్త మాటలతో ఇవి రావు. ప్రతి ఊళ్ళో ఈ పక్షంలోనే పని మొదలుపెట్టండి. గుట్ట సర్వే నంబరు, మేత పోరంబోకు సర్వే నంబర్లు రాసుకోండి. అడంగల్, 1-బి నకళ్ళు తీసుకోండి. ఎవరి పేరున ఏ పట్టా ఉంది, ఇప్పుడు ఎవరి స్వాధీనంలో ఉందో జాబితా కట్టండి. భూమిని ఏ ఉత్తర్వు ప్రకారం ఎవరికిచ్చారో సమాచార హక్కు కింద తహసీల్దారును అడగండి. ఇంటికి బ్రోకరు వస్తే ఒక్కరే మాట్లాడొద్దు, పదిమందిని పిలవండి. చదవకుండా వేలిముద్ర వెయ్యొద్దు. అడ్వాన్సు అని పదివేలు చేతిలో పెడితే అది అడ్వాన్సు కాదు, గాలం. కురుబ, బోయ, గొల్ల కాపరులతో కలిసి కూచోండి. మేత పోతే వాళ్ళదీ మనదీ ఒకే ఆకలి.

గాలికి కులం లేదు. అది వెలివాడ మీదా వీస్తుంది, ఊరి మీదా వీస్తుంది. కులం ఉన్నది నేలకి, కాగితానికి, సబ్సిడీకి. గాలిని పట్టే యంత్రం వచ్చింది, సంతోషం. ఆ గాలి సంపాదనలో మా వాటా మాకు లెక్కగట్టి ఇవ్వండి. ఇవ్వనన్నాళ్ళూ మా గుట్టల మీద మీ మరలు తిరుగుతుంటాయి, మీ ఆఫీసుల చుట్టూ మేం తిరుగుతుంటాం.

భూమి మాది! గాలి అందరిది! వాటా మా హక్కు!

జై భీమ్!